చెక్కు చేతికొచ్చాక నేను చేసిన పని

నా పాత కెమెరా కొంటానన్నాయన నగదుకు బదులు చెక్కు ఇచ్చాడు. అంతకుముందు ఒకసారి ఇలాగే దెబ్బతిన్నాను. ఖాతాలో డబ్బు కనిపించగానే వచ్చేసిందనుకుని ఖర్చుపెట్టేశాను. నాలుగు రోజులకు చెక్కు బౌన్స్ అయింది. బ్యాంకు ఆ మొత్తం వెనక్కి తీసుకోవడమే కాక, నా దగ్గరే ఛార్జీ కూడా పట్టుకుంది. తప్పు ఇచ్చినవాడిది, జరిమానా నాకు!

అందుకే ఈసారి చెక్కును తిప్పి తిప్పి చూశాను. తేదీ, సంతకం ఉన్నాయి. అంకెల్లో, అక్షరాల్లో మొత్తం ఒకటే. అంతమాత్రాన ఆయన ఖాతాలో డబ్బున్నట్టు కాదు కదా. చెక్కు మీద పేరున్న బ్యాంకుకే ఫోన్ చేశాను. చెక్కు మీది నంబరుకు కాదు, బ్యాంకు వెబ్‌సైట్‌లో వెతికిన నంబరుకు. చెక్కు నకిలీదైతే దాని మీది నంబరూ నకిలీదే కావచ్చు. బ్యాలెన్స్ ఎంతో ఎలాగూ చెప్పరు. "ఈ మొత్తానికి చెక్కు చెల్లుతుందా?" అని అడిగితే కొన్ని బ్యాంకులు అవునో కాదో చెబుతాయి. నాకు ఫోన్‌లో అదీ చెప్పలేదు. చెప్పినా, పొద్దున ఉన్న డబ్బు సాయంత్రానికి ఉంటుందన్న హామీ లేదు.

చివరికి గుర్తింపు కార్డు పట్టుకుని ఆ బ్యాంకు బ్రాంచికే వెళ్లాను. చెక్కు వాళ్లదే కాబట్టి కౌంటర్‌లో అప్పటికప్పుడు ఖాతా చూసి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు. (చెక్కు మీద రెండు అడ్డగీతలు గీసి క్రాస్ చేసి ఉంటే ఇలా కుదరదు, ఖాతాలో వేసి క్లియర్ అయ్యేదాకా ఆగాల్సిందే.) ఆ సాయంత్రమే కెమెరా ఆయన చేతిలో పెట్టాను.