వాట్సాప్‌లో వచ్చిన డాయిలీ ప్యాటర్న్ ఎవరిది? కనుక్కుని అల్లడం ఎలా

అనంతపురం పాతూరులో మా పక్కింటి అక్క టీపాయ్ మీద పరిచిన డాయిలీ (క్రోషే అంటే కొక్కెం సూదితో దారం అల్లి చేసే గుండ్రటి లేసు గుడ్డ) చూసి ముచ్చటపడి, ఎలా అల్లాలో వరుసవారీగా చెప్పే ప్యాటర్న్ అడిగాను. "వాట్సాప్‌లో వచ్చిందిలే, యాడిదో ఏమో" అంటూ పీడీఎఫ్ పంపింది. జిరాక్స్ తీయించుకుని కూర్చున్నాను. 13వ వరుస దాకా బాగానే సాగింది. 14, 15 వరుసలు లేవు. స్క్రీన్‌షాట్లు అతికించినవాళ్లు ఒక పేజీ జారవిడిచినట్టున్నారు. ఉజ్జాయింపుగా అల్లితే, బల్ల మీద పరుచుకోవాల్సిన డాయిలీ టోపీలా పైకి లేచింది. ప్యాటర్న్ రాసినావిడను అడుగుదామంటే ఆమె పేరున్న పేజీ కూడా పోయింది. ప్యాటర్న్ వెతికే ముందు యజమానిని వెతకాలని నాకు తెలిసింది అప్పుడే.

ముందు, ఏది ఎవరి సొత్తు?

గొలుసు కుట్టు, పైనాపిల్ ఆకారపు అల్లిక, వరుసకిన్ని కుట్లు పెంచే లెక్క ఎవరి సొంతమూ కావు. ఉగ్గాని ఎవరైనా చేసుకోవచ్చు గానీ, ఒకరు రాసిన వంటపుస్తకం పేజీలను అచ్చేసి పంచడానికి లేదు కదా, ఇదీ అంతే. డిజైనర్ రాసిన వివరణ, గీసిన చార్టు (కుట్లను గుర్తులతో చూపే బొమ్మ), తీసిన ఫొటో ఆమెవి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు రావడానికి ఎక్కడా రిజిస్టర్ చేయించనక్కర్లేదు. రచయిత జీవితకాలమంతా, పోయాక మరో 60 ఏళ్లూ ఉంటుంది. 'ఉచితం' అని రాసి ఉన్నా హక్కు పోయినట్టు కాదు, డబ్బు అడగడం లేదని మాత్రమే అర్థం.

ఫొటో పట్టుకుని మూలానికి వెళ్లండి

నచ్చిన ఫొటోను, బొమ్మను బట్టి వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో పెట్టండి. పింటరెస్ట్ దగ్గరే ఆగిపోవద్దు. ఎక్కడెక్కడివో బొమ్మలు గుచ్చి పెట్టిన బోర్డు అది, అల్లినవాళ్ల ఇల్లు కాదు. బొమ్మ కింది లింకు నొక్కుతూ పోతే డిజైనర్ పేరు, ప్యాటర్న్ పేరు దొరకాలి. వందల ప్యాటర్న్‌లు కుప్పపోసి ఒక్క పేరూ చెప్పని సైటు కనబడితే వెనక్కి రండి. నాకు దొరికిన టోపీ లాంటివి అక్కడే పుడతాయి.

వెతకాల్సిన చోట్లు

అల్లికల ప్యాటర్న్‌లు ఒక్కచోట దొరికే రావెల్రీ సైటులో ఖాతా ఉచితం. అందులో డాయిలీలను విడిగా చూపించమనవచ్చు. ఉచితమా, కొనాల్సిందా, ఏ దారం, ఏ సూది అన్నది కూడా వడకట్టుకోవచ్చు. డిజైనర్ పేజీ పక్కనే ఉంటుంది. కొనాల్సివస్తే చాలావాటికి ఐదారు డాలర్లలోపే అవుతుంది. కార్డు పని చేయకపోతే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి ఉందో లేదో చూసుకోండి. డీఎంసీ లాంటి దారం కంపెనీలు కూడా తమ సైట్లలో ఉచిత ప్యాటర్న్‌లు పెడతాయి.

నాకు మాత్రం పాత పుస్తకాలే ఇష్టం. యాంటిక్ ప్యాటర్న్ లైబ్రరీ అనే సైటు కాపీరైట్ గడువు తీరిన అల్లిక పుస్తకాలను స్కాన్ చేసి ఉచితంగా ఇస్తుంది. థెరెస్ ద డిల్మాంట్ 1886లో తెచ్చిన కుట్టుపనుల విజ్ఞాన సర్వస్వం పాత పుస్తకాలను ఉచితంగా ఇచ్చే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైటులో దొరుకుతుంది, అందులో క్రోషేకు ఒక అధ్యాయమే ఉంది. ఆవిడ 1890లోనే పోయారు కాబట్టి మన 60 ఏళ్ల లెక్క ఎప్పుడో దాటింది.

పాతవాటితో ఒక చిక్కు. కుట్ల పేర్లు దేశాన్ని బట్టి మారతాయి: బ్రిటిష్ పుస్తకంలో డబుల్ క్రోషే అంటే అమెరికావాళ్ల సింగిల్ క్రోషే. వాళ్ల ట్రెబుల్ అంటే వీళ్ల డబుల్. ఇది చూసుకోకుండా మొదలుపెడితే సగం డాయిలీ విప్పాల్సిందే. దారం సంగతి కూడా చూడండి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 40 నంబరుకు రాసింది 20తో అల్లితే డాయిలీ అనుకున్నదానికన్నా పెద్దదవుతుంది.

షరతులు చదవండి, లేకపోతే అడగండి

చాలామంది డిజైనర్లు మొదటి పేజీలోనో చివరి పేజీలోనో రెండు ముక్కలు రాస్తారు: అల్లినవి అమ్ముకోవచ్చా, పేరు చెప్పాలా, తరగతిలో వాడవచ్చా అని. ఏమీ రాయకపోతే మెయిల్ పెట్టండి. నేనెవరు, ఏ ప్యాటర్న్, ఎన్ని అల్లి ఎక్కడ అమ్ముతాను అన్నవి నాలుగు వాక్యాల్లో చెబితే చాలు. "దసరా స్టాల్లో 10 దాకా అమ్మాలనుకుంటున్నాను, ట్యాగు మీద మీ పేరు రాస్తాను" అని స్పష్టంగా అడిగితే అవునో కాదో చెప్పడం వాళ్లకూ తేలిక. జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టు కాదు. ఆ ప్యాటర్న్ ఇంట్లోకి మాత్రం అల్లుకోండి.

స్నేహితులు అడిగితే పీడీఎఫ్ కాదు, లింకు పంపండి. పిల్లలకు నేర్పేవాళ్లు గడువు తీరిన పాత ప్యాటర్న్ ఎంచుకుంటే ఈ బాధే ఉండదు.

సొంతంగా గీసుకోవచ్చు కూడా

లేపాక్షి లతామండపం స్తంభాల మీద చీర అంచులకు ఎత్తుకున్నన్ని లతలు, పూలు ఉన్నాయి. 16వ శతాబ్దపు చెక్కడానికి కాపీరైట్ ఉండదు. ఈమధ్య ఎవరైనా దాన్ని చూసి గీసిన చార్టు మాత్రం వాళ్లదే, కాబట్టి రాతినే చూసి గీయండి. నడుమ ఉంగరంలో అమెరికా పద్ధతి డబుల్ క్రోషేలు 12 వేసి, ప్రతి వరుసకూ మరో 12 పెంచుకుంటూ పోతే డాయిలీ చదునుగా వస్తుంది. అంచు ముడతలు పడితే కుట్లు ఎక్కువైనట్టు, గిన్నెలా లేస్తే తక్కువైనట్టు.

నేను గీసిన చార్టు కింద నా పేరు, సంవత్సరం రాసి అక్కకిచ్చాను. గ్రూపులో పెట్టే ముందు ఫోన్ చేసింది: "పేరుండే పేజీ గూడా పెట్టాల్నా?"