ఆస్తమా: డాక్టరుకు ముందుగా ఏం చెప్పాలి?
డాక్టరు దగ్గరికి వెళ్లేముందే, ఆస్తమా వల్ల మిమ్మల్ని ఎక్కువగా బాధపెట్టేది ఏదో కాగితం మీద రాసుకోండి. నా కాగితంలో అన్నిటికన్నా పైన ఉండేది రాత్రి నిద్ర. మెట్లెక్కడం ఆ తర్వాతే. గత 4 వారాల్లో ఆయాసంతో ఎన్ని రాత్రులు మెలకువ వచ్చింది, రిలీవర్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనానికి పీల్చే ఇన్‌హేలర్) వారానికి 2 సార్లకు మించి వాడారా, ఏ పని మానుకున్నారు, ఇవీ రాయండి. "బాగానే ఉంది" అనేస్తే డాక్టరుకు ఏమీ తెలియదు.

స్టీరాయిడ్ ఇన్‌హేలర్ అంటే భయముంటే దయచేసి దాచకండి. చెప్పకుండా మానేస్తేనే ప్రమాదం. గొంతు బొంగురుపోతోందంటే స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) వాడమంటారు, పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయమంటారు. రెండుపూటలా కుదరకపోతే ఒక్కపూట మందు ఉందేమో అడగండి.

స్ప్రే ఇన్‌హేలరైతే డాక్టరు ముందే వాడి చూపించండి: ఊపి, ఊపిరి వదిలి, నొక్కుతూ నెమ్మదిగా పీల్చి, 10 సెకన్లు బిగబట్టాలి. నేను వెళ్లిన ప్రతిసారీ చూపిస్తాను.