పలక కన్నా ముందు చప్పట్లు

మూడేళ్ల పిల్లలకి పలక ఇచ్చి 'అ' దిద్దించకండి, ఆ మెలిక తిప్పేంత పట్టు వేళ్లకి ఇంకా రాదు. బియ్యంలో వేలితో సున్నాలు గీయించండి, చపాతీ పిండి చేతికిచ్చినా సరే (వంటిల్లు పాడవుతుంది, తప్పదు). తర్వాత చెవికి పని: చప్పట్లు కొడుతూ ప-ల-క అని విడదీసి పలికించండి, ఒక్కో అక్షరానికి ఒక్కో చప్పట్టు కాబట్టి ఇట్టే పట్టేస్తారు.

వేళ్లకి పట్టు వచ్చాక, రాతకి మొదట్లో ర, గ, ద, డ చాలు. వాటితోనే గద, దడ, గడగడ చదివేస్తుంటే వాళ్ల ముఖం చూడాలి! గుణింతాలు తర్వాత చూసుకోవచ్చు.

'ప', 'వ' కలిపేస్తుంటే టెన్షన్ వద్దు, పెద్ద సైజులో పక్కపక్కనే రాసి, 'వ'కి తలకట్టు అంటుకుని ఉంటుందనీ 'ప'కి విడిగా ఉంటుందనీ వేలితో తడిమించండి.