నల్లమలలో పాత చిన్న లైను జాడ పట్టేదెట్లా

మా నాయన మీటర్‌గేజ్ (పట్టాల మధ్య మీటరు ఎడం) కాలంలో గ్యాంగ్‌మన్, అంటే పట్టాలు బాగుచేసే పనివాడు. నంద్యాల నుంచి నల్లమల దాటి గిద్దలూరు పోయే ఆ దారిని ఆయన చివరిదాకా ‘చిన్న లైను’ అనే అన్నాడు. 1990ల్లో పెద్ద లైను (బ్రాడ్‌గేజ్) వేసినప్పుడు కనుమలో పాత దారిని కొంతమేర అడవికి వదిలేశారు. ఇప్పుడు నేను కర్నూలులో ఉంటూ, సెలవు దొరికితే దాని జాడ వెతుకుతుంటాను.

మొదట బయల్దేరకండి, పేర్లు సరిచూసుకోండి. ఈ లైను పాత కాగితాల్లో ‘బళ్లారి - కిష్ణా స్టేట్ రైల్వే’ అని ఉంటుంది. 1876-78 కరువు తర్వాత, మళ్లీ అలాంటి కాలమొస్తే గింజలు చేరేయాలని 1880ల్లో వేసిన దారి ఇది. ఆపైన సదరన్ మరాఠా రైల్వే నడిపింది, 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా అయింది. జిల్లాల సంగతీ మర్చిపోవద్దు. గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలోదే. ప్రకాశం జిల్లా కాగితాల్లో పాతవి వెతికితే దొరకవు. నేను ఒక వేసవంతా అట్లాగే పోగొట్టుకున్నాను.

తర్వాత మ్యాపు. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లలో, అంటే కొండలు, దారులు గీసిన మ్యాపుల్లో, నంద్యాల, గిద్దలూరు రెండూ 57ఐ నంబరు కిందికి వస్తాయి. 1950ల నాటి అమెరికన్ ఆర్మీ మ్యాపులు టెక్సాస్ యూనివర్సిటీ సైటులో ఉచితంగా దొరుకుతాయి. పాత మ్యాపులో రైలు గీతను ట్రేసింగ్ పేపర్ మీద దించి, కొండల ఎత్తు గీతలతో పాటు చూడండి. ఆవిరి ఇంజను నిట్టనిలువు చడావు ఎక్కలేదు, అందుకే పాత దారి కొండ నడుము పట్టుకుని చుట్టూ తిరుగుతుంది. కొత్త దారి కొండను తొలుచుకుని పోతుంది. రెండు గీతలూ ఎక్కడ విడిపోతాయో అక్కడే మన పని.

ఆ వంపుల్లో స్టేషన్ల పేర్లు చూడండి: బొగద, చలమ. మా వైపు సొరంగాన్ని బొగద అంటారు. చలమ అంటే తోడుకునే నీటి గుంట. ఈ రెండింటి మధ్యనే దొరబావి, పాత వంతెన ఉన్న చోటు. నీళ్లు లేనిచోట ఆవిరి బండి నిలవదు. పట్టాల కంటే ముందు నీళ్లను వెతకమని నేను చెప్పేది అందుకే.

దొరబావి దగ్గర వంతెన గర్డర్లు (ఇనుప దూలాలు) లేవు, లోయలో రాతి స్తంభాలు మిగిలాయి. అది పులులు తిరిగే అడవి. అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకండి, స్తంభాలు ఎక్కకండి. నడిచే లైను మీద నడవడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం కూడా.

అడవి బయట చూసేవి బోలెడున్నాయి. చేల మధ్య తిన్నగా సాగే తుమ్మకంప వరుస కనిపిస్తే ఆగండి, అది పాత కట్ట కావచ్చు. కింద చెక్కిన రాయితో కట్టిన మోరీ (నీళ్లు పోయే చిన్న తూము) ఉంటే ఇంకా నమ్మకం. ఊళ్లలో కంచెలకు, పందిళ్లకు పాతిన పట్టాల ముక్కలు చూడండి. గాజులపల్లె దగ్గర ఒక పెద్దాయన గొడ్లపాక గుంజ అట్లాంటిదే. ఆయన అనుమతితో కొబ్బరి పీచుతో తుప్పు రుద్ది, సుద్దముక్క అడ్డంగా రాశాను. పట్టా నడుం మీద ఉబ్బెత్తు అక్షరాలు తెల్లగా తేలాయి, పక్కన నాలుగంకెల సంవత్సరం. తయారైన ఏడాది అది, లైను వేసిన ఏడాది కాదు. పాత పట్టాలు చోట్లు మారుతుంటాయి, కాబట్టి ఒక్క ముక్కను నమ్మి తేదీ రాసుకోవద్దు.

రిటైరైన గ్యాంగ్‌మన్లను కలిసినప్పుడు ‘దారి ఎటు పోయేది’ అని అడగకండి, చెప్పలేరు. ‘ఏ మోరీ వానాకాలంలో భయపెట్టేది, నీళ్లెక్కడ తాగేవాళ్లు’ అని అడగండి. మా నాయన ఆ ప్రశ్నకు గోడ మీద బొగ్గుతో మొత్తం కనుమ గీసి చూపించాడు. సున్నం వేయించేలోగా దాన్ని ఫొటో తీసుకున్నాను, 57ఐ పక్కన పెట్టి ఇప్పటికీ సరిచూస్తుంటాను.