పాత వ్యాను కొనే ముందు కిందికి వంగి చూడండి
కొత్తపట్నం, మైపాడు వంటి తీరగ్రామాల్లో చేపలు, రొయ్యలు మోసిన పాత వ్యాన్లు కొత్త రంగు పూసుకొని ఒంగోలు, నెల్లూరులో అమ్మకానికి రావచ్చు కనుక, పైమెరుగు కంటే ముందు బండి అడుగుభాగాన్ని పరిశీలించాలి. ఐసు కరిగిన ఉప్పునీరు కారే చోట, ముఖ్యంగా కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) బిగించిన ఛాసిస్ (బండి అడుగు చట్రం) భాగాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తట్టినప్పుడు ఖంగుమనకుండా మొద్దు శబ్దం వచ్చినా, తుప్పు పెచ్చులుగా రాలినా, ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దనే నా అభిప్రాయం. ఇంజిన్‌ను ఉదయాన్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. మనం వెళ్లేసరికే అది వేడెక్కి ఉంటే అనుమానించాల్సిందే. నడుస్తున్న ఇంజిన్‌పై ఆయిల్ మూత తీయగానే పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. రవాణా వాహనానికి 8 ఏళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి కనుక, దాని గడువునూ, ఆర్‌సీలో ఫైనాన్స్ (బండిపై అప్పు) నమోదునూ చూసుకోవాలి.