దారిలో ఫొటోగ్రఫీ – 4వ పాఠం: మేడారానికి ఏ ల్యాప్‌టాప్ మోసుకెళ్దాం?

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా? మీరు ఈ మధ్య చేసిన మూడు పనుల ఫోల్డర్లు తెరిచి, రోజుకు ఎన్ని ఫ్రేములు తీశారో, ఎన్ని జీబీలు అయ్యాయో కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. అది లేకుండా కొనడానికి వెళ్తే, కౌంటర్ వెనక కుర్రాడికి ఏది అమ్ముకోవాలని ఉందో అదే మన అవసరం అయిపోతుంది.

రాసుకోనివాళ్ల కోసం నా కాగితం చూపిస్తాను. 2024 ఫిబ్రవరిలో 21 నుంచి 24 వరకు మేడారం జాతర జరిగింది. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది, ఆ రోజు 900 ఫ్రేములు. రెండో రోజు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెస్తారు, 1,400. మూడో రోజు మొక్కులు, 1,100. నాలుగో రోజు వనప్రవేశం. అప్పటికి ఒంట్లో ఓపిక ఉండదు కాబట్టి 500. మొత్తం 3,900. నా 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా ఫైలు (కెమెరా ఏమీ సరిదిద్దకుండా ఉన్నదున్నట్టు దాచేది) సుమారు 28 ఎంబీ, అంటే 109 జీబీ. దాని మీద 40 నిమిషాల 4కే వీడియో ఉంది. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే నిమిషానికి 750 ఎంబీ, అది ఇంకో 30 జీబీ. అంతా కలిపితే 140 జీబీకి దగ్గర.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ నాలుగు రోజులు గుడారంలోనో, జీపు వెనక సీట్లోనో కూర్చుని ల్యాప్‌టాప్‌తో మనం చేసే పనేమిటి? కార్డులు దించుకోవడం. రెండో కాపీ చేసుకోవడం. రాత్రికి ఓ పది ఫొటోలు ఏరి, కలర్ సరిచేసి పంపడం. అంతే. ఆల్బమ్ డిజైను, మొహాల రీటచింగు, గంటల కొద్దీ ఎక్స్‌పోర్టు ఇంటికొచ్చాక చేసే పనులు. అయినా కొనేటప్పుడు అందరూ ముందుగా అడిగేది ప్రాసెసర్ గురించే. ఐ5నా, ఐ7నా, గ్రాఫిక్స్ కార్డు ఎంత? నేనూ అలాగే అడిగాను. దాని ఫలితం ముందు చెబుతాను.

అప్పట్లో చేతిలో ఉన్న డబ్బంతా పెట్టి ఒక గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాను. పరుగులో దానికి వంక పెట్టలేం. దాని మీదే ఒక పెళ్లి ఫొటోలు సరిచేశాను. పెళ్లికూతురి చీర ఎరుపు ఎందుకో పాలిపోయినట్టు కనిపిస్తోందని శాచురేషన్ (రంగుల గాఢత) పెంచాను. పసుపు రాసిన మొహం చప్పగా ఉందని ఇంకొంచెం పెంచాను. నా తెర మీద అద్భుతంగా ఉంది. ఫొటోలు పంపిన మర్నాడు పెళ్లికూతురి నాన్న ఫోన్ చేశాడు. "ఏంది తమ్మీ, మా బిడ్డ మొఖం నారింజపండు లెక్క ఉంది?" నా ఫోన్లో తెరిచి చూశాను. నిజంగానే నారింజపండు. ల్యాబ్ నుంచి అప్పటికే వచ్చిన రెండు ఆల్బమ్ షీట్లు కూడా అంతే. మళ్లీ ప్రింటు ఖర్చు నా జేబులోంచే పోయింది.

తప్పు ఎక్కడుందంటే, స్పెక్ షీట్లో అందరం దాటవేసే ఒక చిన్న లైనులో. "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంది. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953లో అమెరికాలో కలర్ టీవీ కోసం పెట్టుకున్న రంగుల కొలత. మన ఫొటోలు, ఫోన్లు, వెబ్‌సైట్లు ఎక్కువగా నడిచేది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఎస్‌ఆర్‌జీబీ మీద. ఆ పాత కొలతతో పోలిస్తే ఎస్‌ఆర్‌జీబీ 72 శాతం వస్తుంది. 72లో 45 అంటే దాదాపు 62 శాతం. అంటే ఎస్‌ఆర్‌జీబీలో ఉన్న రంగుల్లో మూడో వంతుకు పైగా నా తెర చూపించనే లేదు. ముఖ్యంగా గాఢమైన ఎరుపులు, పసుపులు. పెళ్లిలోనూ జాతరలోనూ మనకు కావలసినవి అవే కదా! తెర చూపించలేని రంగును నేను ఫొటోలోకి ఎక్కించుకుంటూ పోయాను.

కాబట్టి మొదటి నియమం: తెర వివరాల్లో "100 శాతం ఎస్‌ఆర్‌జీబీ" అనో "72 శాతం ఎన్‌టీఎస్‌సీ" అనో లేకపోతే ఆ ల్యాప్‌టాప్ వదిలేయండి, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే. డీసీఐ-పీ3 (సినిమా కోసం పెట్టుకున్న రంగుల కొలత) అని ఉంటే ఇంకా ఎక్కువ రంగులు చూపే తెర. ఓఎల్ఈడీ తెరలు చాలావరకు ఆ కోవలోవే. వాటితో తలనొప్పి తిరగబడుతుంది. ఆ తెర మీద రంగులు ఎలా చూపాలో కంప్యూటర్‌కు చెప్పే సరైన ప్రొఫైల్ లేకపోతే రంగులు ఉన్నదానికంటే ఘాటుగా కనిపిస్తాయి, మనం తగ్గించేస్తాం, ఆల్బమ్ చప్పగా వస్తుంది. ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌కు మార్చుకునే వీలుందేమో అడగండి.

ఇక్కడో కిటుకు. ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లో రెండు మూడు రకాల తెరలు వస్తాయి. బయట అట్టపెట్టె ఒకటే, ధరలో తేడా కొంచెమే. అందుకని పేరు చూసి కాదు, అట్టపెట్టె మీదుండే పూర్తి మోడల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి తెర వివరాలు చూడాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, మీ ఊళ్లో షాపుకు వెళ్లినా ఆ నంబరు అడగడానికి మొహమాటపడొద్దు.

షాపుకు వట్టి చేతులతో వెళ్లకండి. ఒక పెన్‌డ్రైవ్‌లో మీ ఫొటోలు అయిదు వేసుకోండి: పసుపు కుంకుమలున్న క్లోజప్, తెల్లపంచె మడతలు కనబడే ఫొటో, నీడలో నిలబడ్డ మనిషి, నల్లటి జడ, రాత్రి వెలుతురులో తీసినది ఒకటి. వాటిలో ఒకదాని ప్రింటు, మీకు నచ్చిన ల్యాబ్ వేసినది, సంచిలో పెట్టుకోండి. ఫోన్‌తో పోల్చొద్దు, ఫోన్లు అందంగా అబద్ధాలు చెబుతాయి. ప్రింటును తెర పక్కన పట్టుకుని చూడండి. పంచె మడతలు తెల్లగా కలిసిపోయాయా? జడలో పాయలు కనిపిస్తున్నాయా? డెమో యంత్రాల్లో తరచుగా "వివిడ్" మోడ్ పెట్టి ఉంచుతారు, ముందు అది తీసేయించండి. నైట్ లైట్ కూడా. తర్వాత ఛార్జర్ పీకి చూడండి. బ్యాటరీ ఆదా పేరుతో కొన్ని తెరలు తమంతట తామే వెలుతురూ కాంట్రాస్టూ మార్చేసుకుంటాయి. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపే వీలుండాలి. చివరగా ల్యాప్‌టాప్ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లండి. షాపువాళ్లు కొంచెం కంగారుపడతారు, పర్వాలేదు. తెర వెలుతురును నిట్స్‌లో కొలుస్తారు. 250 నిట్స్ తెర ఆరుబయట అద్దంలా మీ మొహాన్నే చూపిస్తుంది. చెట్టు నీడలో పని చేయాలంటే 400 నిట్స్ అయినా కావాలి. ఈమధ్య మ్యాక్‌బుక్ ఎయిర్‌లు 500 ఇస్తున్నాయి.

4కే తెర మాత్రం దారి మీదకు వద్దంటాను. 14 అంగుళాల్లో ఆ తేడా కళ్లకు పెద్దగా తెలియదు, బ్యాటరీకి తెలుస్తుంది. 1920×1200 సరిపోతుంది. నిలువు కాస్త ఎక్కువున్న 16:10 తెర అయితే కింద ఫొటోల వరస పెట్టుకున్నా పని చేసే చోటు మిగులుతుంది.

తెర రంగులు కొలిచి సరిచేసే స్పైడర్, కాలిబ్రైట్ లాంటి పరికరాలు ఉన్నాయి. ఉంటే మంచిదే. కానీ 62 శాతం తెరను అవి 100 శాతం చేయలేవు. లేని రంగును ఎవరు తెచ్చిస్తారు?

రెండో సంగతి, కార్డు దించడం. సమ్మక్క వచ్చిన రోజు నాకు 39 జీబీ అయింది. సెకనుకు 35 ఎంబీ లాగే పాత రకం స్లాట్‌లో అది దాదాపు 19 నిమిషాలు. యూహెచ్‌ఎస్-1 కార్డు (యూహెచ్‌ఎస్ అంటే వేగంగా పనిచేసే మెమరీ కార్డుల రకం), సరైన రీడరుతో 90 ఎంబీ వస్తే ఏడు నిమిషాలు. యూహెచ్‌ఎస్-2 కార్డు, దానికి తగ్గ రీడరు ఉండి 250 వస్తే మూడు నిమిషాల లోపే. ల్యాప్‌టాప్‌లో స్లాట్ ఉందా లేదా అని మాత్రమే అడిగితే చాలదు, ఏ రకమో అడగాలి. చాలావాటిలో ఉండేది నిదానపు స్లాటే. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అసలు ఉండదు, 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో 2021 నుంచి ఉంది. నేను స్లాట్ కోసం డబ్బు పెట్టను. మంచి యూఎస్‌బీ రీడరు విడిగా కొంటాను. పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు.

అలాగే టైప్-సి రంధ్రాలన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ లోపల వేగం వేరు. ఒకటి సెకనుకు 5 గిగాబిట్లు, ఇంకొకటి 10, యూఎస్‌బీ4 అయితే 40 దాకా. కొన్నిటిలో ఛార్జింగ్ ఎక్కుతుంది, కొన్నిటిలో ఎక్కదు. రెండు టైప్-సి పోర్టులు ఉండి, కనీసం ఒకదాంట్లో ఛార్జింగ్ ఎక్కాలి. ఒకదాన్నుంచి కరెంటు ఎక్కుతుండగా రెండోదానికి రెండో కాపీ దాచే ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ తగిలించుకోవాలి కదా.

స్టోరేజీ దగ్గర మీ కాగితం తీయండి. 512 జీబీ అని రాసి ఉన్నది విండోస్‌లో 476గా కనిపిస్తుంది. విండోస్, లైట్‌రూమ్ (ఫొటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్), పాత పనుల ప్రివ్యూలు పోగా చేతిలో మిగిలేది మూడు వందల పైచిలుకు అనుకోండి. నా 140 జీబీ జాతరకు అది చాలు. నెలలో ఆరు ముహూర్తాలున్న పెళ్లిళ్ల మనిషికి చాలదు, ఒక టీబీకి వెళ్లాలి. ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు. పలుచని ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో అది బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకుందాం అంటే కుదరదు. ఎస్‌ఎస్‌డీ మార్చుకునే వీలున్న మోడళ్లు మాత్రం విండోస్ వైపు ఇంకా బాగానే దొరుకుతున్నాయి.

కరెంటు. బ్యాటరీని గంటల్లో కాదు, వాట్-అవర్లలో చూడండి. 56 వాట్-అవర్ల బ్యాటరీ అనుకుందాం. కాపీలు, ఏరుకోవడం లాంటి తేలిక పనికి పది వాట్లు లాగితే అయిదు గంటలకు పైగా వస్తుంది. లైట్‌రూమ్‌లో బరువు పనికి పాతిక వాట్లు లాగితే రెండు గంటల చిల్లర. టైప్-సి ఛార్జింగ్ ఉంటే 65 వాట్ల పవర్‌బ్యాంకు గానీ, జీపులో లైటర్ సాకెట్‌కు పెట్టే ఛార్జరు గానీ ఆదుకుంటుంది. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు అంటే 74 వాట్-అవర్లు, అందులో కొంత దారిలోనే వేడిగా పోతుంది. విమానం ఎక్కేవాళ్లు 100 వాట్-అవర్ల హద్దు గుర్తుంచుకోండి. అది దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. పవర్‌బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు.

ఇంకో విషయం ఏ స్పెక్ షీట్లోనూ ఉండదు. మేడారంలో బంగారం అంటే బెల్లం. నిలువెత్తు బంగారం తూచి మొక్కు చెల్లిస్తారు. గద్దెల దగ్గర బెల్లం, పసుపు, కుంకుమ, కాళ్ల కింద లేచే దుమ్ము అన్నీ కలిసి గాలిలోనే ఉంటాయి. ఫ్యాన్ ఉన్న ల్యాప్‌టాప్ ఆ గాలిని లోపలికి పీల్చుకుంటుంది. జాతర నుంచి వచ్చాక నా గేమింగ్ యంత్రం విప్పిస్తే ఫ్యాన్ రెక్కల మీద పసుపు రంగు జిగురు పొర! ఈ ఒక్క కారణంతో, ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్ జాతరకు బాగా పనికొస్తుందని నా అభిప్రాయం. 13 అంగుళాలది కిలోంబావు బరువు. గేమింగ్ ల్యాప్‌టాప్ రెండు కిలోలు దాటుతుంది, దాని ఛార్జరు ఇటుకంత. అయితే ఫ్యాన్ లేనిది ఎక్కువసేపు ఎక్స్‌పోర్టు పెడితే వేడెక్కి నెమ్మదిస్తుంది. పైగా ఆపిల్ తన ల్యాప్‌టాప్‌లకు చెప్పే పరిసర ఉష్ణోగ్రత హద్దు 35 డిగ్రీలు. మాఘమాసపు జాతరకు ఇబ్బంది లేదు. మే నెలలో ఎండలో ఆగిన కారులో వదిలేస్తే మాత్రం దాని ఖర్మ, మీ ఖర్మ.

ప్రాసెసర్ గురించి ఇప్పుడు మాట్లాడొచ్చు, ఎక్కువేమీ లేదు. గత మూడు నాలుగేళ్లలో వచ్చిన మధ్యరకం చిప్ ఏదైనా పైన చెప్పిన మూడు పనులకూ సరిపోతుంది. సమ్మక్క గద్దెకు చేరేసరికి చీకటి పడుతుంది కాబట్టి ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 6400కు వెళ్లక తప్పదు, ఫొటోల నిండా గ్రెయిన్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు. లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన ఏఐ డీనాయిజ్ దానికి బాగా పని చేస్తుంది, కానీ అది గ్రాఫిక్స్ కార్డును పిండేస్తుంది. అలాంటి ఫొటోలే మీకు రోజూ వందల్లో ఉంటే, 8 జీబీ గ్రాఫిక్స్ ఉన్న డెస్క్‌టాప్ ఇంట్లో పెట్టుకోండి, దారిలోకి తేలికది తీసుకెళ్లండి. నాలాగా రెండూ ఒకదాంట్లోనే కావాలని వెళ్తే వీపు మీద మూడు కిలోలు.

పాతది కొనొచ్చా అని అడుగుతున్నారు. కొనొచ్చు. ఎం1 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్‌లు, ఆఫీసుల నుంచి వచ్చిన థింక్‌ప్యాడ్‌లు బాగానే దొరుకుతాయి. ఎయిర్ అయితే బ్యాటరీ సైకిళ్లు (బ్యాటరీ ఛార్జ్ మొత్తం ఎన్నిసార్లు వాడారో ఆ లెక్క) చూడండి, ఆపిల్ లెక్కలో వెయ్యి దాటితే మార్చే వయసు వచ్చినట్టు. 8 జీబీ ర్యామ్‌ది అంటగడతారు, వద్దనండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో తెర మళ్లీ ఆ 45 శాతం రకమే తరచుగా ఉంటుంది, పెన్‌డ్రైవ్ మర్చిపోవద్దు.

వచ్చే పాఠం రెండో కాపీ గురించి: కార్డు ఎప్పుడు ఫార్మాట్ చేయాలి, ఎస్‌ఎస్‌డీని ల్యాప్‌టాప్ సంచిలోనే ఎందుకు పెట్టకూడదు, నెట్‌వర్క్ లేని చోట ఏం చేయాలి. అప్పటిలోగా ఒక పని చేసి ఉంచండి. ఇప్పుడు వాడుతున్న ల్యాప్‌టాప్‌లో మీ కార్డు ఒకటి దించుతూ గడియారం పెట్టుకోండి. ఎన్ని జీబీలు, ఎన్ని నిమిషాలు అన్నది అదే కాగితం వెనక రాయండి. కార్డును మాత్రం ఖాళీ చేయకండి, వచ్చే పాఠంలో దానితో పని ఉంది.