కౌలాలంపూర్‌లో చవక రూమ్ బుక్ చేసే ముందు

కౌలాలంపూర్‌లో చవకగా రూమ్ దొరికిందని సంబరపడి వెంటనే డబ్బు కట్టేయకండి. రూమ్ పేరు పక్కన చిన్న అక్షరాల్లో ‘నో విండో’ అని ఉందేమో చూడండి. అక్కడి తక్కువ ధర హోటళ్లలో కిటికీ లేని గదులు మామూలే. నేనొకసారి అలాంటి దాంట్లో దిగాను. రాత్రి ఉతికి ఆరేసిన బనియన్ పొద్దునకి కూడా చెమ్మగానే ఉంది, గదంతా ముక్కిపోయిన వాసన. తెల్లారిందో లేదో ఫోన్ చూస్తే గానీ తెలియలేదు. కాస్త ఎక్కువైనా సరే, కిటికీ ఉన్నదే తీసుకోండి.

ఇంకోటి, విదేశీయులకు ఒక్కో రూముకి రాత్రికి 10 రింగిట్‌ల టూరిజం ట్యాక్స్ ఉంటుంది. చాలాసార్లు అది ఆన్‌లైన్ ధరలో కలవదు, కౌంటర్ దగ్గర అడుగుతారు.

ఏరియా అంటారా, నా ఓటు బ్రిక్‌ఫీల్డ్స్‌కే. కేఎల్ సెంట్రల్ స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు, అరిటాకు భోజనం కూడా అక్కడే దొరుకుతుంది. ఎయిర్‌పోర్ట్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు 28 నిమిషాల్లో దించుతుంది గానీ టికెట్ 55 రింగిట్‌లు. తొందర లేకపోతే బస్సెక్కండి, గంట పట్టినా చాలా తక్కువలో అయిపోతుంది. అన్నట్టు, అక్కడి ప్లగ్గు పిన్నులు మనలా గుండ్రంగా ఉండవు, పలకగా ఉంటాయి. అడాప్టర్ ఇక్కడే కొనుక్కుని వెళ్లండి.